భూమికి కప్పిన తాండ్ర

పాలతిప్పలో పేరయ్య కుటుంబమంత తెలివైన కుటుంబం ఇంకోటి లేదు. ఈ మాట ఊళ్ళోవాళ్ళు అన్నది కాదు, పేరయ్య కుటుంబమే అన్నది. వాళ్ళ సంగతి వాళ్ళకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది చెప్పండి?

తాళం సంగతే చూడండి. అందరూ ఇంటికి తాళం వేసి తాళంచెవి మొలలో దోపుకుని వెళతారు. దారిలో దొంగ లాక్కుంటే? అందుకని పేరయ్య వీధి తలుపుకి తాళం వేసి, తాళంచెవిని కిటికీలోంచి ఇంట్లోకి విసిరేసేవాడు. ఇంక దొంగ కాదు గదా, వాడి బాబు కూడా లోపలికి రాలేడు. మరి వీళ్ళెలా వెళ్ళేవాళ్ళంటారా? పెరటి తలుపు ఎప్పుడూ బార్లా తెరిచే ఉండేది.

"ఊళ్ళో అందరికీ తెలివి తలకాయలో ఉంటుంది. మనకి ఇల్లంతా ఉంది" అనేది పేరయ్య భార్య మంగాయమ్మ. అందుకే ఇల్లు ఊడ్చినా చెత్త పారబొయ్యనిచ్చేది కాదు. అందులో ఎంతో కొంత తెలివి కొట్టుకుపోతుందేమోనని భయం.

వాళ్ళది మామిడి తాండ్ర చేసే ఇల్లు. డాబా మీద తాటాకు చాపలు పరిచి, మామిడి రసం పలచగా పూసి, ఎండలో ఆరనిచ్చి, మళ్ళీ దానిమీద ఇంకో పొర. అలా పొరమీద పొర. ఆ వేసవిలో మంగాయమ్మకి తాండ్ర మీద తప్ప ఇంక దేనిమీదా ధ్యాస లేదు. మేనకోడలు పద్మినికి నెలలు నిండుతున్నాయి. పక్క ఊళ్ళోనే సీమంతం. "అత్తయ్యా, నాకు చీరలొద్దు, గాజులొద్దు. నీ చేతి తాండ్ర తినాలనుంది" అని ఆ పిల్ల నోరు తెరిచి అడిగింది. "చాప చాపంతా తెస్తానే నా తల్లీ!" అని మంగాయమ్మ మాటిచ్చేసింది. పైపొర ఒక్కటీ ఆరితే చాలు.

సరిగ్గా అప్పుడే ఊళ్ళోకి ప్రసూన మేడం వచ్చింది. కాలేజీలో సైన్సు చెప్పే ఆవిడ. సెలవుల్లో ఊరూరా తిరిగి భూమి వేడెక్కడం గురించి చెబుతోంది. పంచాయతీ ఆఫీసు అరుగుమీద నుంచుని, ఎంత ఓపిగ్గా చెప్పిందనుకున్నారు!

"బొగ్గూ పెట్రోలూ కాల్చినప్పుడు కంటికి కనపడని గాలి ఒకటి, కార్బన్ డయాక్సైడ్, పైకిపోయి అక్కడే ఉండిపోతుందమ్మా. భూమి వేడి బయటికి పోకుండా దుప్పటిలా అడ్డుపడుతుంది. ఆ దుప్పటి అసలు లేకపోతే చలికి గడ్డకట్టుకుపోతాం. కాస్త ఉండాలి. కానీ మనం పొరమీద పొర వేసుకుంటూ పోతున్నాం, అచ్చం మీ తాండ్రలాగే. అందుకే భూమికి జ్వరం తగిలినట్టయింది. మంచు కరుగుతోంది, సముద్రం పైకొస్తోంది."

పేరయ్య లేచాడు. "మొన్న అకాల వాన పడ్డప్పుడు పొద్దున్నే నాకు చలేసిందండి. ఇంక వేడెక్కడమేంటండి?"

"ఈ మాట పెద్దపెద్దవాళ్ళూ అంటారు బాబాయిగారూ" అని నవ్వింది మేడం. "ఒకరోజు చలీ ఒకరోజు ఎండా చూసి తేల్చకూడదు. ఏళ్ళ తరబడి చూడాలి. అలా చూసినవాళ్ళు తేల్చేశారు. భూమి వేడెక్కుతోంది, అది మన పొగవల్లే. ఇంక వాదనంతా ఏం చెయ్యాలి, ముందు ఎవరు చెయ్యాలి అన్నదాని మీదే."

అందరూ చప్పట్లు కొట్టి ఇళ్ళకి పోయారు. పేరయ్య కుటుంబం మాత్రం విన్నది విన్నట్టు మూటకట్టుకుని ఇంటికి తెచ్చుకుంది.

అంతే. తెల్లారేసరికి పేరయ్య పెరట్లో ముక్కాలిపీట వేసుకుని కూర్చుని, రెప్ప కొట్టకుండా నేలకేసి చూడ్డం మొదలెట్టాడు.

"ఏంటండీ అది?" అంది మంగాయమ్మ.

"ఏళ్ళ తరబడి చూడమందిగా. ఇవాళ మొదలెట్టాను. ఇంతవరకూ ఏం కదల్లేదు. నువ్వు అడ్డం తప్పుకో."

కొడుకు గవర్రాజుది ఎదటి పక్షం. భూమికి జ్వరం నిజమేనని వాడి వాదన. "చూసేదేంటి నాన్నా, కొలిస్తే పోయె!" అని ఇంట్లో ఉన్న జ్వరం చూసే గొట్టం తెచ్చి, మిట్టమధ్యాహ్నం ఎండలో నేలలో గుచ్చాడు. ఇంకేముంది, గీత చివరికంటా పాకి, ఇంక పాకడానికి చోటులేక గొట్టం టప్పున పగిలింది.

"అమ్మా! కొలతకి కూడా అందటం లేదే జ్వరం!"

పిల్లల తల్లి కదా, మంగాయమ్మ జ్వరమంటే ఊరుకోగలదా? "ఒసేయ్ వరాలూ, గంజి కాచవే. గుడ్డలు తడపవే" అని కోడల్ని కేకేసింది. తడిగుడ్డ నుదుటిమీద వెయ్యాలి. మరి భూమికి నుదురెక్కడ? కాసేపు తర్జనభర్జన పడి, నూతివైపు మెరకగా ఉంది కాబట్టి అది తల, వీధివైపు పల్లంగా ఉంది కాబట్టి అవి కాళ్ళు అని తేల్చారు. ఇంట్లో ఉన్న చీరలూ పంచెలూ తడిపి తలవైపు పరిచారు. సీమంతానికి కట్టుకుందామని దాచుకున్న చిలకాకుపచ్చ చీర కూడా తడిపేసింది మంగాయమ్మ. దానిమీద గంజి పోసింది, చల్లార్చి, ఉప్పేసి మరీ.

"తాగుతోందా అత్తయ్యా?"

"గటగటా తాగుతోందే పాపం. ఎన్నాళ్ళ ఆకలో!"

గంజి వాసనకి పొరుగింటి సూరమ్మగారి గేదె వచ్చింది. గంజి నాకింది, గుడ్డలు నాకింది, తల ఒక్క విదిలింపు విదిలించింది. అంతే. చిలకాకుపచ్చ చీర కొమ్ములకి చుట్టుకుంది. గేదె దాన్ని ముసుగేసుకుని కొత్త పెళ్ళికూతురిలా ఊళ్ళోకి వెళ్ళిపోయింది.

పీట మీంచి పేరయ్య, "మంగా, ఇందాక మీ చెల్లెలు ఇటు వెళ్ళినట్టుంది" అన్నాడు, నేలమీంచి చూపు తిప్పకుండా.

చీర పోయిందన్న బాధ కంటే జ్వరం తగ్గలేదన్న బాధే ఎక్కువైంది మంగాయమ్మకి. అప్పుడు గవర్రాజు బుర్ర గోక్కుని, "అమ్మా, దుప్పటి తియ్యందే జ్వరం ఎలా దిగుతుంది? పైన ఉంది, పొరలు పొరలుగా ఉంది, తాండ్రలా ఉంది అని మేడం చెప్పిందిగా" అన్నాడు.

ముగ్గురూ ఒక్కసారి తలెత్తి డాబాకేసి చూశారు.

పైన ఉంది. పొరలు పొరలుగా ఉంది. తాండ్రలా ఉండడమేంటి, తాండ్రే!

"అయ్యయ్యో, భూమికి దుప్పటి కప్పింది మనమేనట్రా!" అని మంగాయమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. మరి పద్మినికిచ్చిన మాట? ఒకపక్క భూమి, ఇంకోపక్క కడుపుతో ఉన్న పిల్ల. తాండ్ర డాబా మీద ఉంటే భూమి మాడిపోతుంది. తీసేస్తే పచ్చిది ఆరదు, పద్మిని మొహం చిన్నబోతుంది. ఆ పిల్ల మొహం తలుచుకుంటే ఆవిడకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చివరికి ఇంటినిండా ఉన్న తెలివిలోంచి కాస్త తీసి వాడింది. "లోపల ఆరబెడదాంరా! ఇంట్లో ఉంటే దుప్పటీ కాదు, తాండ్రా పాడవదు."

తల్లీకొడుకులు నిచ్చెనెక్కి డాబా మీదికి వెళ్ళారు. చాపలు చుట్టి కిందికి దించి, చూసేసరికి నిచ్చెన లేదు.

"వరాలూ! నిచ్చెనేదే?"

"తీసేశానండీ అత్తయ్యా. సముద్రం పైకొస్తోందన్నారుగా. నిచ్చెనుంటే తేలిగ్గా ఎక్కెయ్యదూ?"

మంగాయమ్మకి కోడలి తెలివికి ముచ్చటేసింది. "నిజమేనే. కానీ మేం దిగాలిగా. నువ్వు నిచ్చెన వెయ్యి. సముద్రం వస్తుంటే పైనుంచి నేనే కేకేస్తా, చటుక్కున తీసేద్దువుగాని."

అలా సముద్రం కంట పడకుండా దిగారు. తాండ్రని నట్టింట్లో పరిచారు. ఎండ లేదు కదా, ఆరడమెలా? కొబ్బరి డొక్కలు పోగేసి నిప్పంటించారు. ఇంకేముంది, కిటికీల్లోంచి, గుమ్మాల్లోంచి నల్లటి పొగ.

ఆ పొగ చూసి ప్రసూన మేడం పరిగెత్తుకుంటూ వచ్చింది. "ఇల్లు అంటుకుందా పిన్నిగారూ?"

"లేదమ్మా, మీరు చెప్పిన పనే. భూమికి జ్వరం తగ్గిస్తున్నాం" అంది మంగాయమ్మ దగ్గుతూ.

మేడం కూడా దగ్గింది. దగ్గి దగ్గి, "ఎంతపని చేశారమ్మా! ఈ పొగే కదా వద్దంది! ఇది పైకి పోకూడదు!" అంది. తాండ్ర మళ్ళీ ఎండలో పెట్టుకోమని ఇంకా ఏదో చెప్పబోయింది గానీ, దగ్గు ఆగక మంచినీళ్ళ కోసం పక్కింటికి వెళ్ళిపోయింది.

పైకి పోకూడదా? అంతేనా! గవర్రాజు గోనెసంచులు తెచ్చాడు. పొగకి ఎదురుగా పట్టడం, మూతి బిగించి కట్టడం, బయట చూరుకింద పెట్టడం. ఆరిన తాండ్ర కూడా మడిచి ఒక సంచిలో పెట్టారు. మిగిలిన పొగ బయటపడకుండా కిటికీలు బిగించారు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి పెరటి తలుపుకి కూడా తాళం వేశారు. ఆ తాళంచెవిని కూడా, అలవాటు తప్పకుండా, తలుపు కింద సందులోంచి లోపలికి తోసేశారు. తీరా చూస్తే సీమంతం వేళవుతోంది. చూరుకింద సంచుల్లోంచి బరువుగా కనపడ్డవి రెండు భుజానేసుకుని, పేరయ్యని పీట మీంచి లేపుకుని బయల్దేరారు.

పద్మిని పీటమీద కూర్చుని ఉంది, చేతులనిండా గాజులు, జడనిండా పూలు, కళ్ళు మాత్రం గుమ్మంవైపు. "తెచ్చావా అత్తయ్యా?"

"తేకపోతానా!" మంగాయమ్మ మొదటి సంచి విప్పింది. ఏం లేదు. ఖాళీ.

"అయ్యో, పొగమూట తెచ్చావట్రా! అది కూడా దారిలో తప్పించుకుంది!"

పద్మిని మొహం చిన్నబోయింది. రెండో సంచి ముడి ఎంతకీ రాకపోతే మంగాయమ్మ పళ్ళతో లాగింది. తాండ్ర! నల్లబడి, ముడతలుపడి, పొగచూరి ఉంది. పద్మిని ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుంది.

"అత్తయ్యా!" అంది పద్మిని కళ్ళు మూసుకుని. "ఇంత కమ్మటి తాండ్ర నా జన్మలో తినలేదు. ఏం కలిపావే ఇందులో?"

మంగాయమ్మ మొహం చాటంతయింది. "ఏం కలపలేదే తల్లీ. ఇది భూమికి కప్పిన దుప్పటి."

వేవిళ్ళప్పుడు కూడా అంత ఇష్టంగా ఏదీ తినలేదట ఆ పిల్ల. పొర తర్వాత పొర లాగి తినేస్తూనే ఉంది. పొరుగమ్మలకి తలోముక్క పోను, చివరి ముక్క కూడా తనే నోట్లో వేసుకుంది. సరిగ్గా అప్పుడు మబ్బు ఉరిమింది. ఆ ఏటి తొలకరి చినుకు టప్పున పడింది.

"చల్లబడింది!" అని గవర్రాజు గంతేశాడు. "దుప్పటి అయిపోయేసరికి జ్వరం దిగిపోయింది!"

నలుగురూ వానలో తడుస్తూ, మురిసిపోతూ ఇంటికొచ్చారు. పేరయ్య తిన్నగా వెళ్ళి తన పీటమీద కూర్చుని నేలకేసి చూశాడు. జోరువానకి నేలంతా చిటపట ఎగురుతోంది.

"మంగా!" అని కెవ్వుమన్నాడు. "కదులుతోందే! వణుకుతోందే!"

అప్పుడు గుర్తొచ్చింది మంగాయమ్మకి. దుప్పటి అసలు లేకపోతే గడ్డకట్టుకుపోతాం అనలేదూ మేడం! ఉన్న దుప్పటంతా పద్మిని తినేసె!

"బొంతలు తేవే వరాలూ, కప్పాలి!"

"బొంతలు లోపలున్నాయండీ అత్తయ్యా."

వీధి తలుపు తాళం. పెరటి తలుపు తాళం. తాళంచెవులు రెండూ దొంగ చేతికి చిక్కకుండా లోపల భద్రంగా ఉన్నాయి. అంతే. మంగాయమ్మ ఇంక ఆలోచించలేదు. చెంగు నడుముకి బిగించి, భూమి తలవైపు బోర్లా పడుకుని చేతులు చాపింది. పక్కన పేరయ్య. ఆ పక్కన గవర్రాజు. కొసాకి వరాలు. తాండ్ర చాపలు పరిచినట్టు వరసగా, బురదలో.

"వెచ్చబడుతోందా అమ్మా?"

"ఉష్! ఇప్పుడిప్పుడే కునుకు పడుతోంది దానికి."

అదే వేళకి గొడుగేసుకుని అటుగా వచ్చిన ప్రసూన మేడం దడి దగ్గర కొయ్యబారిపోయింది. మంగాయమ్మ బురద మొహం పైకెత్తి, నోరారా నవ్వింది.

"మంచివేళకొచ్చారు మేడంగారూ! కాళ్ళవైపు ఖాళీ ఉండిపోయింది. ఆ గొడుగు అవతల పెట్టి, వచ్చి పడుకోండి."