గంప కింద మంగతాయి

ఇవాళ నువ్వు కథ అడగలేదు. బడి నుంచి వచ్చిన దగ్గర్నుంచి అసలు నోరే విప్పలేదు. సరే, అడక్కపోయినా చెప్తాను. వింటే విను, నిద్రొస్తే పడుకో.

అనగనగా ఒక ఊళ్ళో, కొల్లేటి నీళ్ళు గుమ్మం దాకా వచ్చి పలకరించిపోయే ఊళ్ళో, గంగరాజు అని బాతులు మేపుకునే ఆయన ఉండేవాడు. ఆయనకి ఒక భార్య, ఒక ముసలి తండ్రి, ఒక కూతురు, మూడొందల బాతులు. కూతురి పేరు మంగతాయి. నీ అంతే ఉంటుంది, నీకన్నా వాగుడుకాయ. సాయంత్రం అది "బా బా బా" అని పిలిస్తే బాతులన్నీ వరసకట్టి దొడ్లోకి వచ్చేవి. అప్పుడు దొడ్డికి తడిక మూసి తాడు కట్టడం కూడా దాని పనే.

ఒక వానాకాలం సాయంత్రం ఏరు పొంగి ఊరి మీద పడింది. దొడ్డి కొట్టుకుపోయింది, సగం బాతులు పోయాయి. వాటికోసం నీళ్ళలోకి దిగిన తాత మళ్ళీ రాలేదు.

ఆ తర్వాత మంగతాయి మాట మానేసింది. బాతుల్ని మూసిపెట్టే పెద్ద వెదురు గంప ఉంటుంది చూడు, దాని కింద దూరి కూర్చునేది. అన్నం అక్కడే, నిద్ర అక్కడే. చినుకు పడితే చెవులు మూసుకునేది.

గంప కిందే ఎందుకు? మంచం కింద దూరొచ్చు, తలుపు చాటున నక్కొచ్చు. నువ్వైతే అడిగేదానివి. వాళ్ళు అడగలేదు. పైగా పిల్ల బెంగపడుతుందని ఇంట్లో తాత పేరెత్తడమే మానేశారు. తాత చేతికర్రని కూడా అటకెక్కించేశారు. నాకు ఇక్కడే ఒళ్ళు మండుతుంది వాళ్ళ మీద. పాపం, వాళ్ళకి మాత్రం ఏం తెలుసు.

మొదట వాళ్ళమ్మ తాయెత్తు తెచ్చి కట్టింది. మంగతాయి పలకలేదు. అప్పుడు మేనత్త జీళ్ళు తెచ్చి, "ఒక్క మాటంటే ఇన్నీ నీకే" అంది. జీళ్ళకి చీమలు పట్టాయి గానీ పిల్ల పలకలేదు. అప్పుడు గంగరాజుకి విసుగొచ్చి గంప ఎత్తి అవతల పారేసి, పిల్లని రెక్క పట్టి లాగాడు. అది ఆయన చెయ్యి కొరికి, మళ్ళీ వెళ్ళి గంపలో దూరింది. గంగరాజు గుమ్మంలో కూలబడి ఏడ్చాడు.

ఇంతలో కోతలయ్యాయి. రాలిన గింజల కోసం బాతుల్ని ఊరూరా తోలుకెళ్ళాలి, నెలల తరబడి గుడారాల్లో ఉండాలి. "ఈ పిల్లని నా దగ్గర వదిలేసి వెళ్ళండి" అంది మేనత్త. వాళ్ళమ్మకి ప్రాణం ఒప్పలేదు. వదిలేస్తే పిల్ల ఇక ఎప్పటికీ గంప దాటి రాదని ఆవిడ భయం.

అప్పుడు ఊళ్ళో నర్సమ్మ, "ఒంటికి డాక్టరున్నట్టే మనసుకీ ఉంటారు, చూపించండి" అంది. పిల్లని గంపతో సహా ఆటోలో ఎక్కించుకుని పట్నం వెళ్ళారు. డాక్టరమ్మ గంప జోలికి పోలేదు. గంగరాజు చొక్కా మీద ఈక చూసింది.

"బాతులు బెదురుతాయా గంగరాజుగారూ?"

"బెదురుతాయండి. కుక్క తరిమిందంటే పదేసి రోజులు గుడ్డు పెట్టవు."

"మరప్పుడు ఏం చేస్తారు?"

"అరవకూడదండి, పట్టుకోకూడదు. మందలోంచి అసలు విడదియ్యకూడదు. రోజూ అదే వేళకి అదే చోట కూర్చుని, అదే గొంతుతో ఏదో ఒకటి చెప్తూ ఉండాలి. వాటంతట అవే..." అంటూ ఆగిపోయాడు.

డాక్టరమ్మ నవ్వలేదు. "వారం వారం పాపని తీసుకురండి, నేను చూస్తాను. మిగతాది నాకన్నా మీకే బాగా తెలుసు" అంది.

ఆ ఏడు బాతుల్ని బావమరిదితో పంపించి గంగరాజు ఇంట్లో ఉండిపోయాడు. రోజూ సాయంత్రం గంప పక్కన చాప వేసుకుని కూర్చునేవాడు. మొదటి వారం బాతుల కబుర్లు చెప్పాడు. రెండో వారం, వానంటే తనకీ భయంగా ఉంటోందని చెప్పాడు. మూడో వారం అటక మీంచి తాత చేతికర్ర దించి, బూజు తుడుస్తూ తాత గురించి చెప్పాడు. కుంటి బాతుపిల్ల కోసం తాత మూడు రోజులు దొడ్లోనే పడుకున్నాడట.

అప్పుడు గంపలోంచి గొంతు వచ్చింది.

"తడికకి తాడు నేను కట్టలేదు నాన్నా. ఆటలో పడి మర్చిపోయాను. అందుకే బాతులు పోయాయి. అందుకే తాత దిగాడు."

బాతుల్ని మూసిపెట్టడానికి తాడు కట్టే పని లేనిది ఆ గంప ఒక్కటే, బోర్లిస్తే చాలు. అందుకని పిల్ల అందులో దూరింది. ఇన్ని నెలలూ అంత బరువు అది ఒక్కతే మోసింది.

గంగరాజు కర్ర కింద పెట్టి గంపకి దగ్గరగా జరిగాడు. ఆ తర్వాత అన్నాడు, "తాడేంటి తల్లీ, ఆ వరదకి తడికే పోయింది. నువ్వు కట్టినా పోయేది. కట్టినా మీ తాత దిగేవాడే. బాతు అరుస్తుంటే గట్టు మీద నిలబడే మనిషా ఆయన?"

గంప జానెడు లేచింది. ఒక చిన్న చెయ్యి బయటికొచ్చి, తడుముకుంటూ తాత కర్ర పట్టుకుంది.

మర్నాటికల్లా అంతా బాగైపోయిందనుకోకు. మాటలు ఒక్కొక్కటే వచ్చాయి. పెద్ద వానొస్తే మంగతాయి మళ్ళీ గంపలో దూరేది. కానీ ఎవరూ లాగేవాళ్ళు కాదు. ఎవరో ఒకరు వెళ్ళి పక్కన చాప వేసుకునేవాళ్ళు. తర్వాతి కోతలకి మాత్రం ముగ్గురూ కలిసే వెళ్ళారు, బాతుల ముందు మంగతాయి, దాని చేతిలో తాత కర్ర.

ఏంటి, దుప్పట్లోంచి తొంగిచూస్తున్నావు? నీ మంచం పక్కన చాప ఎందుకు వేశానా అనా? బళ్ళో ఏం జరిగిందో ఇవాళే చెప్పక్కర్లేదు. రేపూ చెప్పక్కర్లేదు. చాప ఇక్కడే ఉంటుంది.

బాతులు దొడ్డికి,
చాప నీ పక్కకి,
నిద్ర నీ కంటికి,
కథేమో కంచికి.
అమ్మమ్మ మాత్రం ఎక్కడికీ పోదు.