ఒప్పులకుప్ప ఆడిన మాంత్రికుడు

ఏడు సముద్రాలకు ఇవతల, ఎప్పటి మాటో, రత్నకేతుడనే రాజుండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు.

ఆ రాజు ఉండే ఊళ్లో వకుళ అనే కుమ్మరి పడుచు రోజూ పిల్లలందర్నీ గుండ్రంగా నిలబెట్టి పాటలు పాడించేది, ఆటలు ఆడించేది. ఆ పాటలు ఏడు సముద్రాల అవతల ధూమ్రజటుడనే మాంత్రికుడి చెవిన పడ్డాయి. గాలిలా వచ్చి వకుళనీ పిల్లల్నీ ఎత్తుకుపోయాడు.

"పాడండి" అన్నాడు. పిల్లలు భయంతో వకుళను చుట్టుకుని ఏడ్చారు. వాడికి కోపమొచ్చి అందర్నీ రాళ్లు చేశాడు.

ఊళ్లో తల్లులు పొయ్యి ముట్టించడం మానేశారు.

పెద్ద రాకుమారుడు వెతుక్కుంటూ వెళ్లాడు. "ఏ ఆటలోనైనా నన్ను గెలువు, పిల్లల్ని ఇస్తాను. ఓడితే నువ్వూ రాయివే" అన్నాడు మాంత్రికుడు. పెద్దవాడు దాగుడుమూతలాడాడు. ఓడాడు, రాయయ్యాడు. రెండోవాడు వెళ్లి కోతికొమ్మచ్చి ఆడాడు. ఓడాడు, రాయయ్యాడు.

ఇక మూడోవాడు చంద్రకేతుడు ఒక ముసలి తాబేలు వీపెక్కి బయల్దేరాడు. ఏడో సముద్రంలో తాబేలు చెప్పింది:

"నాయనా, వాడి ప్రాణం బొటనవేలంత చిలకలో ఉంది. దాన్ని ఎడమ పిడికిట్లో పట్టుకునే తింటాడు, పట్టుకునే పడుకుంటాడు. అది ఎగిరిపోతే వాడూ పోతాడు, వాడి మంత్రమూ పోతుంది."

"ఆ పిడికిలి విప్పించేదెలా తాతా?"

"నన్నడిగితే ఎలా? నాకు వేళ్లే లేవాయె!"

మాంత్రికుడు ఒడ్డునే నిలబడి ఉన్నాడు. "నీదేం ఆటరా?"

"ఒప్పులకుప్ప. పాదాలు ఎదురెదురుగా కలపాలి. చేతులు పెనవేసి పట్టుకోవాలి. వెనక్కి వాలి, పాడుతూ గిర్రున తిరగాలి."

"గెలిచేదెవరు?"

"ఎవరూ గెలవరు. ఒకరు వదిలితే ఇద్దరూ పడతారు."

"మరి పందెం?"

"ముందు ఆడిచూడు. తర్వాత నన్ను రాయి చేసుకో."

వెయ్యేళ్లలో వాణ్ణి ఆటకు రమ్మని పిలిచినవాళ్లు లేరు. కుడిచెయ్యి చాపాడు.

"ఒంటిచేత్తో కుదరదు" అన్నాడు చంద్రకేతుడు.

మాంత్రికుడు తన ఎడమ పిడికిలి వంక చూసుకున్నాడు. చిలకను తలపై జటలో దోపి గట్టిగా ముడేశాడు. రెండో చెయ్యీ ఇచ్చాడు.

రాకుమారుడు పాట ఎత్తుకున్నాడు. తిరిగారు. ఆకాశం తిరిగింది, రాళ్లు తిరిగాయి. "ఇంకా వేగంగా!" అని అరిచాడు మాంత్రికుడు. ముడి ఊడింది. జట విప్పుకుంది. చిలక పైకెగిరింది.

వాడు చూశాడు. పిలిస్తే అది తిరిగొచ్చేదే. పిలవాలంటే ఆట ఆపాలి.

"చెయ్యి వదలకు. పాట పూర్తికానీ" అన్నాడు.

పాట పూర్తయ్యేసరికి చంద్రకేతుడి చేతుల్లో గుప్పెడు బూడిద మిగిలింది. చుట్టూ రాళ్లు కదిలి మళ్లీ మనుషులయ్యాయి. పిల్లలు ఏడ్చారు. వకుళ ముందు పిల్లల తలలు లెక్కపెట్టుకుంది. తర్వాత బూడిద చూసి, కొంగులో మూటగట్టి సముద్రంలో కలిపింది.

అందరూ తాబేలు వీపెక్కి ఊరు చేరాక, అన్నలు "నువ్వే ఏలు తమ్ముడూ" అన్నారు. చంద్రకేతుడు వకుళను పెళ్లాడి అరవయ్యేళ్లు ఏలాడు. ఆయన రాజ్యంలో ఒకటే కట్టుబాటు: పిల్లలు ఆడేచోట ఎవరైనా ఒంటరిగా నిలబడి చూస్తుంటే, వాళ్లనీ రమ్మని పిలిచాకే పాట ఎత్తుకోవాలి.