దొరవారి తొలి సవారీ

రాజులు రథాలెక్కి తిరిగే కాలంలో, పొరుగు రాజ్యపు చవక రథాలొచ్చి పడి, రథాలు చేసి అమ్మే వీరభూపతి దొర రథశాల నష్టాల్లో కూరుకుపోయింది. ఆయన పనివాళ్ల కూలి సగానికి కోసేశాడు. చక్రాలు బిగించే సింగారమ్మ పనివాళ్ల సంఘానికి పెద్ద. ఆమె సరేనని తలూపింది.

"దొరకు అమ్ముడుపోయావా అత్తా?" అని తోటివాళ్లు దెప్పారు.

కొత్త రథం తయారైంది. ఆనవాయితీ ప్రకారం యజమానే ముందుగా ఎక్కి కొండ దిగాలి. మేళతాళాల మధ్య వీరభూపతి రథం మీద ఒక కాలు పెట్టి ఆగిపోయాడు.

"చక్రాలు గట్టిగా బిగించావా?" అని పక్కనే నిలబడ్డ సింగారమ్మను అడిగాడు.

"సగం కూలికి ఎంత బిగుస్తుందో తమరే చెప్పాలి దొరా!"

ఊరంతా చూస్తోంది. ఆయన రెండో కాలు పైకెత్తలేడు, మొదటి కాలు కిందికి దించలేడు. మేళగాళ్లు వాయించి వాయించి కూలబడ్డారు. ఎండ నడినెత్తికొచ్చింది.

"సరే, అందరికీ పాత కూలే ఇస్తాను! వెళ్లి బిగించు!" అని అరిచాడు.

సింగారమ్మ కదల్లేదు.

"ఎక్కండి దొరా. నిన్ననే బిగించేశాను."