మొగ మూసిన బొచ్చెచేప

మడ అడవిని ఆనుకుని ఒక పెద్ద సరస్సు ఉండేది. ఒక పక్కనుంచి ఏరు వచ్చి అందులో కలిసేది. ఇంకో పక్క ఇసుకదిబ్బ, దాని మధ్య సన్నని దారి. ఆ దారిని మొగ అనేవాళ్ళు. పోటు వచ్చినప్పుడల్లా సముద్రం ఆ మొగలోంచే లోపలికి వచ్చేది.

ఏటి నీళ్ళు తేలిక కదా, పైన ఉండేవి. ఉప్పునీళ్ళు బరువు, జారుకుంటూ అడుక్కి పోయేవి. పైన బొచ్చెచేపలు, అడుగున పీతలూ రొయ్యలూ. అడుగు వాళ్ళకి ఊపిరి తెచ్చేది ఆ సముద్రమే.

ఒకరోజు బొచ్చెల పెద్ద తల ఎగరేశాడు. "ఈ ఉప్పు మన తీపినీళ్ళని పాడుచేస్తోంది. మొగ మూసేయండి!"

పోటు తక్కువగా ఉన్న రోజు చూసి, బొచ్చెలన్నీ తోకలతో ఇసుక తోసి మొగ పూడ్చేశాయి.

పొట్ట కింద గుడ్లు మోస్తున్న పీత ఒకతి మండిపడుతూ పైకి వచ్చింది.

"ఏమయ్యా పెద్దమనిషీ! ఆ నీళ్ళు నీ దాకా వచ్చాయా ఎప్పుడైనా? మా కాళ్ళ కింద పోయే నీళ్ళు నీకేం చేశాయి? మాకు ఊపిరి ఆడొద్దా?"

"ఆడకపోతే పక్కకి నడువు. నీకు అలవాటేగా!"

బొచ్చెలన్నీ పడీపడీ నవ్వాయి.

కొన్నాళ్ళకి అడుగు నీళ్ళు చచ్చిపోయాయి. బురద నల్లబడింది, కుళ్ళిన గుడ్డు వాసన కొట్టింది. రొయ్యలు వెల్లకిలా పడ్డాయి. పీత గుడ్లలో సగం నల్లబడి పాడైపోయాయి. దానికి ఏడుపు రాలేదు, ఒళ్ళంతా కోపమే వచ్చింది.

"ఏడుస్తూ కూర్చుంటారేం? రండి!" అని తనవాళ్ళని కసిరి, మొగ తవ్వడం మొదలుపెట్టింది.

ఇంతలో పెద్ద గాలి లేచింది. నీళ్ళు తిరగబడ్డాయి. అడుగున మగ్గిన కుళ్ళునీరు పైకి వచ్చేసింది. బొచ్చెలు నోళ్ళు తెరుచుకుని గిలగిలా కొట్టుకున్నాయి.

"పీతమ్మా, తొందరగా తవ్వు తల్లీ!" అన్నాడు పెద్ద.

"ఇప్పుడు తల్లినయ్యానా? నోరు ముయ్యి! నీ కోసం తవ్వట్లేదు. మిగిలిన నా పిల్లల కోసం."

మొగ తెగింది. సముద్రం హోరున దూకి అడుక్కి పోయింది, పాతనీళ్ళని ఎత్తి తోసింది. రెండు నీళ్ళూ రాసుకున్నచోట మెల్లగా కలిసి, వాసన తగ్గిపోయింది.

అప్పటికే చాలా బొచ్చెలు చచ్చి తేలాయి. పెద్ద ఎలాగో ఏట్లోకి ఎదురీదాడు, మళ్ళీ ఎవరికీ మొహం చూపించలేదు.

మిగిలిన గుడ్లు పగిలి పీతపిల్లలు కొత్తనీళ్ళలోకి చెదిరిపోయాయి. పీత మాత్రం గోళ్ళు ఎత్తి మొగలోనే నిలబడింది, దాని కోపం ఇంకా చల్లారలేదు.

నీతి: అడుగున ఉన్నవాళ్ళకి ఊపిరి ఆడకుండా చేస్తే, అక్కడి కుళ్ళు పైనున్నవాళ్ళ దాకా వచ్చి తీరుతుంది.