మూస మీద చూపు

చీపురుపల్లి దాటాక రోడ్డు పక్కన కాళహస్తాచారి గారి గంటల కార్ఖానా ఉండేది. అక్కడ ఒక కట్టుబాటు. కంచు కరిగించే కుండను మూస అంటారు. కరిగిన కంచుతో ఆ మూస కొలిమిలోంచి లేచాక, ఎవరైనా సరే "ఆగు" అంటే మూస ఆగిపోవాలి. యజమాని అన్నా ఆగాలి, ఇసుక జల్లించే మనిషి అన్నా ఆగాలి. ఎందుకని అడగడం ఆగిన తరవాతే. ఓసారి పోస్టుమాన్ గుమ్మంలో నిలబడి "ఆగండి, సంతకం పెట్టాలి" అంటే కూడా మూస ఆగిందని ఊళ్ళో చెప్పుకుని నవ్వుకునేవారు. ఆచారి గారి దగ్గర పదకొండేళ్ళుగా పని నేర్చుకుంటున్న నాగలింగానికి మాత్రం నవ్వొచ్చేది కాదు. అతనికి ఈ కట్టుబాటు మింగుడు పడేది కాదు.

ఒకరోజు ఇసుక జల్లించే పైడమ్మ మూస ఆపించింది. అచ్చు నోటి దగ్గర తడి మరక కనిపించిందట. తీరా దింపి చూస్తే అది తడి కాదు, గుమ్మానికి కట్టిన దిష్టి గుమ్మడికాయ నీడ. ఈలోగా కంచు చల్లబడింది. చల్లబడ్డ కంచు పోస్తే గంట సరిగా పలకదు కనక మళ్ళీ కొలిమికెక్కించారు. పూట పనీ, బస్తా బొగ్గూ గాలికి పోయాయి. పైడమ్మ సిగ్గుతో చితికిపోయింది. ఆచారి గారు ఆమెను పిలిచి, పూజ పళ్ళెంలోని బెల్లం ముక్క విరిచి చేతిలో పెట్టి, బాగా కనిపెట్టావమ్మా అన్నారు.

నాగలింగం ఊరుకోలేకపోయాడు. "తప్పు చెప్పినవాళ్ళకి బెల్లం పెడితే, ఒప్పు చెప్పినవాళ్ళకి ఏం పెడతారు గురువుగారూ?"

ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆచారి గారికి లేదు. ఎవరేమడిగినా ముక్కుపొడుం డబ్బీ వెతుక్కునేవారు. అది దొరికేసరికి అడిగినవాడు విసిగి వెళ్ళిపోయేవాడు. ఆ రోజూ అంతే అయింది. వెళ్తూ వెళ్తూ నాగలింగం పైడమ్మను పక్కకు పిలిచి, ఇకమీద నీ జల్లెడ నువ్వు చూసుకో, మా అచ్చు మేం చూసుకుంటాం అని గురువుగారికి వినబడకుండా కటువుగా చెప్పాడు.

పది రోజులకు కొండమీది గుడి గంట పోతపోసే రోజు వచ్చింది. అచ్చు మొదలుకొని అంతా నాగలింగం సొంతంగా చేసిన మొదటి గంట అది. నూతి దగ్గర తలస్నానం చేసి, దేవుడి పని గదా అని మడిగా, పిండకుండా కట్టిన తడిపంచెతోనే వచ్చేశాడు. దాని మీద తోలు ఆప్రాన్ కట్టుకున్నాడు, కాళ్ళకు బూట్లు తొడుక్కున్నాడు. ముందు నుంచి చూస్తే అంతా సవ్యంగానే ఉంది. వెనక గోచీ కొస నుంచి నీళ్ళు కారుతున్న సంగతి ఆ సంబరంలో అతనికి తెలియలేదు. భక్తి మంచిదే. కంచుకు మాత్రం మడీ మైలా తెలియవు. దాని కింద నీటిచుక్క చిక్కిందంటే, ఒక్క పెట్టున ఆవిరై, పైనున్న కంచును పోసేవాళ్ళ మొహాన కొడుతుంది.

మూస లేచింది. అటు కాడ ఆచారి గారు పట్టారు, ఇటు కాడ నాగలింగం. అచ్చు గోతిలో పాతి ఉంది, నోరు మాత్రం పైకి తేలి ఉంది. నాగలింగం దాన్ని దాటుకుని తన చోటికి వెళ్ళాడు. పంచె కొస ఆ నోటిని రాసుకుంటూ పోయింది.

పైడమ్మ చేతిలో జల్లెడ ఆగింది. నోరు తెరిచింది, మళ్ళీ మూసుకుంది. నాగలింగం మొన్న అన్న మాటలు గుర్తొచ్చాయి పాపం. మూస వంగబోతోంది.

"ఆగండి బాబూ," అంది చివరికి. "మీ పంచి నీరోడతంది."

మూస ఆగింది. పొడి ఇసుక మీద దించి చూశారు. అచ్చు నోటి చుట్టూ నాలుగు చుక్కలు పడి ఉన్నాయి, ఐదోది లోపలికే జారింది. నాగలింగం గోతి దగ్గర నుంచి దూరంగా జరిగాడు. పంచె పిండితే గ్లాసుడు నీళ్ళొచ్చాయి. భయం తీరాక నవ్వు ఎవరికీ ఆగలేదు. ముహూర్తం దాటిపోయిందని మొహం మాడ్చుకున్న పూజారి గారు కూడా నవ్వేసి, పంచాంగం తిరగేసి, ఎల్లుండి ఇంతకంటే దివ్యమైన ముహూర్తం ఉందని కనిపెట్టారు. పంచాంగంలో ముహూర్తాలకేం కరువు. అచ్చును సెగ పెట్టి మళ్ళీ ఆరబెట్టడం మొదలుపెట్టారు.

సాయంత్రం నాగలింగం పొడిపంచె కట్టుకుని గురువుగారి ముందు నిలబడ్డాడు. పైడమ్మ నోరు మూయించిన సంగతి దాచకుండా చెప్పాడు. ఆమెకు దణ్ణం పెట్టి వచ్చాననీ, తిడితే తిట్టారు, తిట్టడానికైనా మనిషి మిగలాలి గదా అనుకున్నానని ఆమె అందనీ చెప్పాడు. ఆ తరవాత, ఇన్నేళ్ళ శిష్యుడు గదా, గురువుల పోకడ తనకూ తెలుసన్నట్టు అడిగాడు.

"మీరు ముందే చూసి ఉంటారు గురువుగారూ. నాకు బుద్ధి రావాలని, ఆమె చేతే చెప్పించాలని ఊరుకున్నారు. అవునా?"

ఆచారి గారు శిష్యుడి మొహంలోకి చూశారు.

"లేదు నాయనా," అన్నారు. "అప్పుడు నేను మూసలోకి చూస్తున్నాను."