అడిగి తెచ్చిన నిప్పు

దస్తగిరికి ఫలానా కష్టమంటూ ఏమీ లేదు. ఇంట్లో ఎవరూ పోలేదు, పంట ఎండలేదు, ఎవరితోనూ తగాదా లేదు. అయినా ఏడాదిగా గుండె మీద బండ పెట్టినట్టుండేది. రాత్రి నిద్ర పట్టేది కాదు, తెల్లారితే లేవబుద్ధయ్యేది కాదు. ఎవరైనా పలకరిస్తే బదులు చెప్పడమూ బరువే. ఇలాగే సాగితే ఏమైపోతానోనని తనకే భయం వేసి, ఉన్న ఊరు వదిలి మౌలాలి తాత దగ్గరికి వచ్చి పడ్డాడు.

తాత ఫకీరు. ఊరిబయట దిబ్బమీద ఒక కొట్టం, అందులో ఒక పొయ్యి. అంతే ఆయన సంసారం. దస్తగిరి ఆ కొట్టంలోనే ఒక మూల చూసుకుని, జపమాల పట్టుకుని కూర్చున్నాడు. కూర్చుని కూర్చుని ఆ మూల నున్నబడింది గానీ మనసు తేలికపడలేదు.

"నా బాధ పెద్దది తాతా. ఈ చిన్న జపానికి లొంగేది కాదు. పెద్ద మంత్రమేదన్నా ఉంటే ఇయ్యి" అని ఒకరోజు అడిగాడు.

తాత సరేనన్నట్టు తలూపాడు. చేతిలోని చెంబెడు నీళ్ళు తీసుకెళ్ళి మండుతున్న పొయ్యిలో పోశాడు.

"ఆరిపాయనే. ఊళ్ళోకి పోయి నిప్పు అడుక్కొని రాప్పా. మంత్రం సంగతి పొయ్యి ఎలిగినాక చూద్దాం."

అగ్గిపెట్టె లేదా అంటే తడిసిపోయిందన్నాడు. అంత ఎండాకాలంలో అదెలా తడిసిందో అడిగే ఓపిక శిష్యుడికి లేదు. కుండపెంకు పట్టుకుని, కాళ్ళీడ్చుకుంటూ దిబ్బ దిగాడు.

మర్నాడు కూడా పొయ్యి ఆరే ఉంది. ఆ మర్నాడూ అంతే. ఒకసారి దస్తగిరి తెలివిగా రాత్రి నిప్పుల మీద బూడిద కప్పి దాచుకున్నాడు. తెల్లారి తాత మొహం కడుక్కున్న నీళ్ళన్నీ ఏరికోరి అక్కడే ఒలకబోశాడు. పైగా రోజూ ఒకే గడప తొక్కితే వాళ్ళకు విసుగు, ఇల్లు మార్చమని సలహా కూడా ఇచ్చాడు.

ఆ ఊళ్ళో ఒక పట్టింపు ఉంది. దీపాలు పెట్టాక నిప్పు గడప దాటకూడదు, దాటితే దాంతోపాటే లక్ష్మి వెళ్ళిపోతుందని వాళ్ళ భయం. అందుకని నిప్పు అడగడానికి వెలుతురు ఉండగానే, పొద్దుటి పొయ్యిలు ఆరకముందే పోవాలి. దస్తగిరికి పొద్దున్నే లేవక తప్పింది కాదు.

నిప్పు అడగడానికి వెళ్ళినవాడు ఊరికే నిలబడలేడు. సుంకమ్మ రొట్టె కాలేదాకా కూర్చోమని, కాలిన రొట్టె చేతిలో పెట్టేది. నేతపని ఈరన్న వీధిలో పడుగు దారాలు సాగదీస్తూ, ఒక కొస పట్టుకోమనేవాడు. కొస పట్టుకున్న పాపానికి ఆయన చెప్పే కబుర్లన్నీ వినాల్సి వచ్చేది. మొదట్లో దస్తగిరికి ఒళ్ళు మండేది. రానురాను ఈరన్న నిన్న సగంలో ఆపిన కబురు ఏమైందోనని దిబ్బ దిగుతూనే ఆలోచించేవాడు. రాత్రుళ్ళు ఎప్పుడు నిద్ర పట్టేదో తెలిసేది కాదు.

వానలు మొదలైన రోజుల్లో ఒకనాడు మళ్ళీ ఆ పాత బండ వచ్చి గుండె మీద కూర్చుంది. దస్తగిరి లేవలేదు. ఇంతకాలం నడిచిందంతా దండగేననిపించి, ముసుగు తన్ని గోడవైపు తిరిగాడు. తాత మిగిలిన సంగటి నీళ్ళలో పిసుక్కుని తాగి ఊరుకున్నాడు.

పొద్దు గూకింది. ఊళ్ళో దీపాలు వెలిగాయి. వాకిట్లో అలికిడైతే దస్తగిరి తలెత్తి చూశాడు. సుంకమ్మ, చేతిలో కుండపెంకు, జల్లు పడకుండా దాని మీద మూకుడు. వెనకే గోనెసంచి కప్పుకుని ఈరన్న, సంచి కింద నాలుగు పిడకలు.

"పొద్దున్నించి మీ దిబ్బ మీద పొగ కనపడలేదు నాయనా. పానం బాగలేదేమోనని వచ్చినాం."

దస్తగిరి ఆ పెంకువైపే చూస్తుండిపోయాడు. "దీపాలు పెట్టినారు కదమ్మా. నిప్పు గడప దాటించినావే?"

"లక్ష్మి యాడికీ పోదులే. ముందు నువ్వు లేసి కూచో."

తను కనపడకపోతే చూసే కళ్ళు ఆ ఊళ్ళో ఉన్నాయని అతను ఏనాడూ అనుకోలేదు. లేచి పొయ్యి ముందు కూర్చుని ఊదాడు. కళ్ళలో నీళ్ళు పొగవల్లేనని ఎవరూ అడక్కుండానే చెప్పాడు. మనవరాలికి ఒళ్ళు కాలుతోంది, పోవాలంటూ సుంకమ్మ ఉడుకుతున్న ఎసట్లో జొన్నపిండి పోసి మరీ వెళ్ళింది.

తెల్లవారి తాతకంటే ముందే దస్తగిరి లేచాడు. వాన వెలిసింది. పొయ్యిలో బూడిద కదిపి చూస్తే లోపల నిప్పు ఎర్రగా, నిక్షేపంగా ఉంది.

కాసేపు దాన్నే చూశాడు. చెంబు తెచ్చి నీళ్ళు పోశాడు. కుండపెంకు తీసుకుని గడప దాటబోతుంటే దుప్పట్లోంచి తాత గొంతు వినిపించింది.

"పెద్ద మంత్రం కావాలంటివే?"

"వచ్చినాక చూద్దాంలే తాతా. సుంకమ్మ మనవరాలికి జరం తగ్గిందో లేదో."

తాత దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు.