తొమ్మిదో పాటకి రాగం

దీనమ్మకి వచ్చిన చిక్కల్లా ఒక్క గడి. దరఖాస్తు కాగితంలో వేలెడంత గడి. దాని పక్కన ‘గురువు పేరు, శిక్షణ పొందిన సంవత్సరాలు’ అని అచ్చు వేసి ఉంది.

ఆ కాగితం తయారుచేసిన మహానుభావుడెవరో గానీ, పిల్లనిచ్చేవాడు కూడా అన్ని ఆరాలు తీయడు. మీది ఏ సంప్రదాయం, మీ ఇంట్లో ఎన్ని తరాల నుంచి కళ ఉంది, ఏ పాటకి ఏ రాగం, మీ దగ్గర నేర్చుకున్న శిష్యులెవరు. దీనమ్మ ఇంట్లో మూడు తరాల నుంచి ఉన్నది పొగాకు పని. ఆ సంగతి అక్కడ రాస్తే బాగుండదని కాసేపు జంకి, చివరికి అదే రాసింది.

ఒక నాటక సంస్థ వాళ్లు ఏటా గేయనాటకం రాసినవాళ్లకి పురస్కారం ఇస్తున్నారు. గేయనాటకమంటే మాట దగ్గర్నుంచి ఏడుపు దాకా అంతా పాటే. నెగ్గినదాన్ని పట్నంలో పెద్ద వేదిక మీద, నిండు వాద్యాలతో ఆడిస్తారు. దీనమ్మకి శాలువా మీద ఆశ లేదు, బిరుదు మీదా లేదు. ఆడిస్తారన్న మాటే ఆమెను పట్టుకుని వదల్లేదు. ఎందుకంటే ఆమె రాసింది తన చెల్లెలి కథ.

చెల్లెలు ఎస్తేరు. తల్లి పోయినప్పుడు నాలుగేళ్ల పిల్ల, దీనమ్మే చంకనేసుకుని పెంచింది. పెద్దయ్యాక కొండపి వైపు ఒక రైతు పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లో అక్కాచెల్లెళ్లిద్దరూ పచ్చాకును కర్రలకి అల్లేవాళ్లు. ఆ కర్రల్ని పైన దూలాల మీద పేర్చడం మగవాళ్ల పని. ఒకరోజు మనిషి తక్కువయ్యాడు. ఎస్తేరు ఎక్కింది. కాలు జారి, ఆ ఎత్తు నుంచి పడింది. పంతొమ్మిదేళ్లు.

ఇది జరిగి ఇరవై ఆరేళ్లు. ఆ పిల్లకి ఒక ఫొటో అన్నా లేదు. ఊళ్లో ఇప్పుడు ఆ పేరు తలుచుకునేది దీనమ్మ ఒక్కతే. తను కూడా పోతే అసలు ఎస్తేరు అనే మనిషి పుట్టిందన్న సంగతే ఈ భూమ్మీద ఉండదని ఆమె దిగులు.

ఒంగోల్లో భుజంగరావు మాస్టారని, పద్యనాటకాలకి యాభై ఏళ్లు హార్మోనియం వాయించిన పెద్దమనిషి ఉన్నాడు. రెండేళ్లుగా ప్రతి ఆదివారం చర్చి అయిపోగానే దీనమ్మ నోటుబుక్కు చంకన పెట్టుకుని ఆయన ఇంటికి పోయేది. ఆయన కూర్చోబెట్టి పాఠం చెప్పింది లేదు. రాసుకొచ్చింది పాడమనేవాడు, కళ్లు మూసుకుని వినేవాడు. ఆయన బొమ ముడిపడితే ఆ చరణంలో ఎక్కడో గుంట ఉందని ఆమె ఇంటికెళ్లి వెతుక్కునేది.

మూడు నెలల కిందట ఆయన భార్య పోయింది. ఆ రోజు ఆయన కంట చుక్క నీరు రాలేదు. చూడవచ్చిన వాళ్లంతా బుగ్గలు నొక్కుకున్నారు. వేదిక మీద వెయ్యి చావులకి శోకరాగం పలికించిన మనిషి, సొంత పెళ్లానికి ఒక్క బొట్టు కార్చలేదే అని వీధి వీధంతా ఆడిపోసుకుంది. ఆయన విన్నాడు, ఊరుకున్నాడు. అప్పట్నుంచి హార్మోనియం మూత మాత్రం తీయలేదు.

దరఖాస్తుకి ఆఖరి రోజు శనివారం. సాయంత్రం నాలుగింటికల్లా పోస్టాఫీసులో ఇవ్వాలి. మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక దీనమ్మ మాస్టారి ఇంటికి వచ్చి, కాగితం ఆయన ముందు పెట్టింది. తర్వాత అడిగేసింది. గురువు గడిలో ఆయన పేరు రాసి, పన్నెండేళ్లు నేర్పానని సంతకం పెట్టాలి.

“పొగాకు కూలిదని తెలిస్తే పక్కన పడేస్తారు మాస్టారూ. మీ పేరుంటే ఒక్క పేజీ అన్నా తిప్పుతారు.”

ఆయన నాటకం రాసిన పుస్తకం అడిగి తీసుకుని తిరగేశాడు. తొమ్మిదో పాట దగ్గర ఆగాడు. శవం మీద పడి అక్క ఏడ్చే ఘట్టం అది. పక్కన ఎర్రసిరాతో ‘రాగం: ముఖారి’ అని ఉంది. పాట ‘హా సోదరీ, నను వీడి యెటుబోతివే’ అని ఎత్తుకుంది. ఇదివరకు అక్కడ పాటే లేదు. ఏడుపు వస్తుంది, తర్వాత రాస్తానని ఆమె ప్రతిసారీ దాటేసేది.

మాస్టారు లేచి హార్మోనియం మూత తీశాడు. మూడు నెలల దుమ్ము పైపంచెతో తుడిచాడు. పాడమన్నాడు.

దీనమ్మ పాడింది. ముఖారి ముఖారిలాగే వచ్చింది. ఒక్క స్వరం అటూ ఇటూ పోలేదు. బాగుందన్నాడాయన. ఆమె ప్రాణం కుదుటపడింది.

“మరి ఆ రోజు నువ్వేడ్చింది ఏది?”

దీనమ్మ తల వంచుకుంది. అది పాట కాదంది. తమ ఆడవాళ్లు గుండెలు బాదుకుంటూ పెట్టే శోకమంది. దానికి రాగం పేరు లేదు, పెద్దలు కూర్చునే చోట అది వినిపిస్తే బాగుండదంది. ఆయన హార్మోనియం తిత్తి కదుపుతూ ఆమె వైపే చూస్తున్నాడు. చూసి చూసి, ఇక తప్పదని ఆమె ఎత్తుకుంది.

“నా చెల్లో… ఎస్తేరో…
ఎక్కమన్న నోరు నాదే నా చెల్లో
పట్టుకోని చెయ్యి నాదే నా చెల్లో
కూటికాడ నీ పళ్లెం బోర్లించే ఉంది నా చెల్లో…”

ఆయన వేళ్లు మెట్ల మీద తడుముకున్నాయి. ఆమె గొంతు ఒక మెట్టుకీ పక్క మెట్టుకీ నడుమ ఎక్కడో నిలబడి ఏడుస్తోంది. ఒకటి నొక్కితే ఎక్కువైంది, ఇంకోటి నొక్కితే తక్కువైంది. యాభై ఏళ్ల చెయ్యి దాన్ని పట్టుకోలేకపోయింది. ఆయన తిత్తి మూసి, కొక్కెం తగిలించేశాడు.

“ఎక్కమన్న నోరు నాదే అన్నావు. ఆ మాట ముఖారిలో లేదే?”

దీనమ్మ పుస్తకం వైపు చూసింది. నిజమే, లేదు. ‘నీకైతే వొళ్లు తేలిక, నువ్వెక్కవే’ అని ఆ రోజు చెల్లెల్ని ఎక్కించింది తనే. ఇరవై ఆరేళ్లలో ఆ సంగతి శోకంలో తప్ప బయట ఎవరితోనూ అనలేదు. రాగంలోకి ఒదగలేదు కాబట్టి తీసేశానని తనకి తనే సర్దిచెప్పుకుంది.

మాస్టారు కుర్చీలోంచి లేచాడు. ఆమెను అందులో కూర్చోమన్నాడు. ఆమె బిత్తరపోయి కూర్చుంది. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి గోడ పట్టుకుని మెల్లగా దిగి, ఆమె ఎదురుగా చాప మీద మఠం వేసుకున్నాడు.

“నాకు నేర్పు.”

మగవాళ్లు శోకం పెట్టరని ఆమె చెప్పబోయింది. తెలుసులే, నేర్పమన్నాడు.

ఆమె ఒక చరణం అంది. ఆయన అన్నాడు. ఎంతైనా సంగీతం తెలిసిన గొంతు, చివర చిన్న గమకం పడింది. దీనమ్మ కూర్చున్న చోటు మరిచిపోయి గట్టిగానే అంది, అట్టా మెలికలెయ్యమాకండి, ఊపిరి అయిపోయిందాకా లాగి ఆడ వొదిలెయ్యాల అని. ఆయన బుద్ధిగా మళ్లీ అన్నాడు. ఈసారి ‘ఎస్తేరో’ అన్నచోట ఆమె చెయ్యెత్తి ఆపింది.

“ఆడ మీ మనిషి పేరు పెట్టుకోవాల మాస్టారూ. ఎవురి శోకం వాళ్లదే.”

యాభై రెండేళ్ల కాపురంలో ఆయన భార్యను పేరు పెట్టి పిలిచింది లేదు. ఏమేవ్ అంటే ఆవిడ పలికేది. కిటికీ గట్టు మీద ఆవిడ కళ్లజోడు పెట్టినచోటే ఉంది. ఆయన దాని వైపు తిరిగాడు.

“రాజ్యం…” అన్నాడు.

అంతే. మూడు నెలల కట్ట తెగిపోయింది. ముసలాయన చాప మీద ముందుకు వంగిపోయి, నోరంతా తెరిచి ఏడ్చాడు. దీనమ్మ కుర్చీ దిగింది. శోకం పెట్టేటప్పుడు ఆడవాళ్లు ఒకరి భుజం ఒకరు పట్టుకుంటారు. పట్టుకోవచ్చో లేదో అని ఒక్క క్షణం వెనకాడి, ఆయన భుజం పట్టుకుని, పళ్లెం బోర్లించే ఉందన్న చరణం తనే అందించింది. ఆయన అందుకున్నాడు. వాకిట్లోకి తొంగిచూసిన పక్కింటావిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి పోయింది.

మూడు దాటింది. మాస్టారు మొహం కడుక్కుని వచ్చి దరఖాస్తు తీసుకున్నాడు. గురువు గడి ముట్టుకోలేదు. కిందికి పోయి, ‘శిష్యులు’ అన్న గడిలో నిదానంగా రాశాడు. గద్దె భుజంగరావు, హార్మోనిస్టు. నేర్చుకున్న కాలం, ఒక్క పూట. కింద సంతకం పెట్టాడు.

దీనమ్మ చదువుకుంది.

“వాళ్లు నవ్వుతారు మాస్టారూ.”

“ఏడవలేదని నన్ను ఆడిపోసుకున్నారు గదా తల్లీ. ఏడ్చావని నిన్ను చూసి నవ్వితే నవ్వనీ.”

దీనమ్మ పుస్తకం దగ్గరికి లాక్కుని ‘హా సోదరీ’ నుంచి కిందిదాకా అడ్డంగా కొట్టేసింది. పక్క పేజీలో శోకం రాసింది. ఎక్కమన్న నోరు నాదే అన్న మాట దగ్గర కలం ఆగింది గానీ, రాసింది. రాగం అన్నచోట ఏమీ రాయలేదు. గురువు గడి కూడా అలాగే వదిలేసి కవరు అంటించింది.

నాలుగుకి ఇంకా పావుగంట ఉంది. ఆమె గేటు వేస్తుంటే లోపల నుంచి మాస్టారి గొంతు వినిపించింది. పాఠం వల్లె వేసుకుంటున్నాడు. రాజ్యం పేరు దగ్గర ఊపిరి అయిపోయిందాకా లాగి, అక్కడ వదిలేశాడు. మెలిక పడలేదు.